మసీదు క్లాసుల్లో పిల్లలకు అదబ్ (మర్యాద), అఖ్లాఖ్ (మంచి నడవడిక) ఎలా నేర్పాలి?

వేసవి సెలవుల్లో మీ మసీదు కమిటీ పిల్లలకు క్లాసులు పెడుతోందని, అఖ్లాఖ్‌కు మంచి పుస్తకం చెప్పమని, పరీక్ష ఎలా పెట్టాలో కూడా చెప్పమని అడిగారు. మా ఊళ్లో అసర్ (సాయంత్రపు) నమాజు తర్వాత జరిగే మక్తబ్‌లో (పిల్లల మతపాఠశాలలో) చాలాకాలంగా చెబుతున్నాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నా. పరీక్ష మాత్రం వద్దు. భోజనం దువా (ప్రార్థన) గడగడా అప్పజెప్పి ఫస్టు మార్కు కొట్టినవాడే, సమోసాల ట్రే రాగానే అందరినీ తోసుకుంటూ ముందుకొస్తాడు.

ఉమర్ బిన్ అబీ సలమా చిన్నప్పుడు ప్రవక్త (స) ఇంట్లో పెరిగారు. తింటున్నప్పుడు ఆ పిల్లాడి చెయ్యి పళ్లెమంతా తిరుగుతుంటే ప్రవక్త చెప్పింది మూడే ముక్కలు: అల్లాహ్ పేరు తలచుకో, కుడిచేత్తో తిను, నీ ముందున్నది తిను. బుఖారీ, ముస్లిం అనే రెండు ప్రామాణిక సంకలనాల్లోనూ ఉన్న హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం) ఇది. ఆ తర్వాత ఎప్పుడూ అలాగే తిన్నానని ఉమరే చెప్పుకున్నారు. పాఠం పళ్లెం దగ్గరే మొదలై అక్కడే అయిపోయింది.

అందుకే మా దగ్గర అఖ్లాఖ్‌కు వేరే పీరియడ్ లేదు. గుమ్మం దగ్గర చెప్పులు, వుజూ (నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే) కుళాయిలు, సమోసాల ట్రే, వీటి దగ్గరే పని జరుగుతుంది. పంచే డ్యూటీ రోజుకొకరిది. కుడివైపు నుంచి మొదలుపెట్టాలి, పంచినవాడు ఆఖర్న తీసుకోవాలి. కొత్తగా ట్రే పట్టుకున్నవాడి కళ్లు పెద్ద సమోసా మీదే ఉంటాయి, అది చూసి మిగతావాళ్లు ముసిముసిగా నవ్వుతారు. నవ్వనివ్వండి. కానీ ఒకణ్ణి 'బోండాం' అనో 'కర్రోడు' అనో పిలిస్తే ఊరుకోవద్దు. ఖురాన్‌లోని హుజురాత్ సూరా (అధ్యాయం) 11వ ఆయత్ (వాక్యం) ఎగతాళినీ వంకర పేర్లనూ నేరుగా వద్దంటుంది. పిలిచినవాణ్ణి పక్కకు తీసుకెళ్లి చెప్పండి. అందరి ముందూ ఉపన్యాసం మొదలుపెడితే, ఆ పేరు పడ్డ పిల్లాడే ఇంకా ముడుచుకుపోతాడు.

అసలు తలనొప్పి పెద్దవాళ్లతో. జమాత్ (సామూహిక నమాజు) మొదలయ్యాక వచ్చిన ఒకాయన, ముందు సఫ్‌లో (వరుసలో) బుద్ధిగా నిలబడ్డ పిల్లాణ్ణి భుజం పట్టి వెనక్కి లాగేస్తారు. మీ మసీదులోనూ జరుగుతూనే ఉంటుంది. ఒకసారి ప్రవక్త (స) పానీయం తాగాక చూస్తే కుడివైపు ఒక అబ్బాయి, ఎడమవైపు పెద్దలు ఉన్నారు. ముందు పెద్దలకు ఇవ్వనా అని ఆ అబ్బాయిని అనుమతి అడిగారు. మీ నుంచి అందే నా వంతును ఎవరికీ వదులుకోనన్నాడు వాడు. గిన్నె వాడి చేతికే ఇచ్చారు. క్లాసులు మొదలయ్యేలోపు ఈ హదీసు కమిటీ మీటింగులో చదవండి, ఒకరిద్దరు మొహం చిట్లించినా సరే.

బెత్తం గదిలోనే ఉండకూడదు. పదేళ్లు సేవ చేసిన నన్ను ప్రవక్త ఒక్కసారి కూడా 'ఉఫ్' అనలేదని అనస్ (రజి) చెప్పారు. ఇక అమ్మానాన్నలకు ఒక మాట. క్లాసుకెళ్తే ఐస్‌క్రీమ్ కొనిస్తామని ఎగ్గొట్టొద్దు. ఇలా రా, ఒకటిస్తానని కొడుకును పిలిచిన తల్లిని, ఏమిస్తావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అందామె. ఏమీ ఇవ్వకపోయుంటే నీ ఖాతాలో ఒక అబద్ధం పడేదన్నారు.

కాస్త పెద్దపిల్లలకు వాట్సాప్ ఫార్వర్డుల సంగతి తప్పక చెప్పండి. వార్త వస్తే నిజమో కాదో విచారించుకోమని హుజురాత్ సూరాలోనే 6వ ఆయత్ అంటుంది. ఇరుగుపొరుగు సంగతి కూడా. గొర్రెను కోసినప్పుడు, మన యూదు పొరుగాయనకు పంపారా అని ప్రవక్త సహచరుడు అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట్లోవాళ్లను మళ్లీ మళ్లీ అడిగారట. మా పిల్లలు రంజాన్ సేమ్యా గిన్నెలు పట్టుకుని వీధిలో అన్ని ఇళ్లకూ తిరుగుతారు.

పుస్తకం అడిగారు కదా, ఇమామ్ బుఖారీ విడిగా కూర్చిన అల్ అదబుల్ ముఫ్రద్ చాలు. అందులో 1,300కు పైగా రివాయత్‌లు (కథనాలు) ఉన్నాయి. మొత్తం చెప్పక్కర్లేదు, వారానికొకటి తీసుకోండి. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలుంటే తెలుగులోనే చెప్పండి. హజ్రత్ (పాఠం చెప్పే మతగురువు) ఉర్దూలో కసిరితే, తనను తిట్టారని తప్ప ఎందుకు తిట్టారో వాడికి అర్థం కాదు.