వీగిందెవరు, నెగ్గిందెవరు?

ప్రశ్న: పిల్లలకు పార్లమెంటు గురించి పాఠం చెబుతూ, 1999లో వాజపేయి ప్రభుత్వం పడిపోయిన సందర్భాన్ని "విశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది" అని బోర్డు మీద రాశాను. ఒక అమ్మాయి లేచి, "విర్రవీగడమంటే గర్వంతో ఉబ్బిపోవడం కదండీ, మరి వీగిపోవడం ఓడిపోవడం ఎలా అయింది?" అంది. నాకు జవాబు తోచలేదు. "అవిశ్వాస తీర్మానం వీగిపోతే ప్రభుత్వం ఉన్నట్టా, పోయినట్టా?" అని ఇంకొకడు. "ప్రభుత్వం వీగిపోయింది" అనడం ఒప్పేనా? పనిలో పనిగా, మూజువాణీ ఓటులోని "వాణి" ఎవరో కూడా చెప్పగలరు.
– ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

సమాధానం: ఆ అమ్మాయికి ముందుగా నా అభినందనలు చెప్పండి. దశాబ్దాలుగా సభల వార్తలు రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఆగకుండా దాటిపోయిన చోట ఆగింది. ఆమె ప్రశ్నకు తీరిగ్గా వస్తాను. ఆ రెండో కుర్రవాడి సందేహం తేలికైనది, దాన్ని ముందు తీర్చేద్దాం.

తీర్మానమంటే సభ ముందు పెట్టే ఒక వాక్యం. "మంత్రిమండలిపై ఈ సభ అవిశ్వాసాన్ని ప్రకటిస్తోంది" అన్నది ఒక వాక్యం. "విశ్వాసాన్ని ప్రకటిస్తోంది" అన్నది ఇంకొకటి. సభ్యులు ఓటు వేసేది ఆ వాక్యానికి, ప్రభుత్వానికి కాదు. వాక్యానికి "అవును" అన్నవాళ్లు ఎక్కువైతే తీర్మానం నెగ్గింది, కాకపోతే వీగింది. ప్రభుత్వం గతి ఆ వాక్యం ఏ రకానిదో దాన్ని బట్టి ఉంటుంది. మన చరిత్రలోనే దీనికి చక్కని జంట ఉంది. 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో మద్యనిషేధం వ్యవహారం మీద ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలింది. అక్కడ అవిశ్వాస తీర్మానం నెగ్గింది. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వం కూడా ఒక్క ఓటుతోనే కూలింది, అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. కానీ అక్కడ విశ్వాస తీర్మానం వీగింది. ఫలితం ఒకటే, క్రియలు రెండూ ఎదురెదురు. ఇక 1993 జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాసం 251కి 265తో వీగింది, ప్రభుత్వం నిలిచింది. 2008 జులైలో మన్మోహన్ సింగ్ పెట్టిన విశ్వాస తీర్మానం 275కి 256తో నెగ్గింది, ప్రభుత్వం నిలిచింది. ఈ నాలుగింటినీ బోర్డు మీద పక్కపక్కన రాయండి, కుర్రవాడికి మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

శీర్షికలో "అవిశ్వాసం నెగ్గింది" అని మాత్రమే రాసి ఊరుకునే పద్ధతి నాకు నచ్చదు. చదివేవాడు అర నిమిషం లెక్క కట్టుకోవాలి. "ప్రభుత్వం పడిపోయింది" అని పక్కన మూడో మాట చేరిస్తే సొమ్మేం పోతుంది?

ఇప్పుడు అసలు సంగతి. వీగు.

నిఘంటువు తీసి చూస్తే ఈ ఒక్క క్రియ కింద రెండు గుంపుల అర్థాలు కనిపిస్తాయి. ఒక పక్క ఉబ్బు, పొంగు, గర్వించు. ఇంకో పక్క ఓడు, వెనుదీయు, పారిపోవు. అంటే ఒకడు రొమ్ము విరుచుకుంటున్నాడు, ఒకడు వెన్ను చూపుతున్నాడు. ఇద్దరికీ ఒకటే మాట!

ఉబ్బే వీగుకు చుట్టాలు స్పష్టంగా దొరుకుతారు. పాత పుస్తకాల్లో ఇది అరసున్నతో "వీఁగు". అరసున్న కనబడితే తమిళం వైపు ఒకసారి తొంగిచూడటం మంచి అలవాటు. మనం కొట్టేసిన సున్న అక్కడ చాలాసార్లు నిండుగా దొరుకుతుంది. మన తూఁగుకు అక్కడ తూంగు. అలాగే మన వీఁగుకు అక్కడ వీంగు, అంటే వాచు, ఉబ్బు. దాని నామవాచకం వీక్కం. కాలు బెణికి వాచినా వీక్కమే. ధరలు పెరిగి రూపాయి విలువ తగ్గడాన్ని మనం ద్రవ్యోల్బణం అని నాలుక మడతపడేలా అంటుంటే, తమిళులు పణవీక్కం అంటారు. డబ్బువాపు అన్నమాట! మన ఉల్బణంలో సంస్కృతం చదివినవాడికి తప్ప ఏ వాపూ కనపడదు. వాళ్ల మాటలో కూలివాడికి కూడా కనపడుతుంది. మన పారిభాషిక పదాలు తయారుచేసిన పెద్దలు ఇంట్లో ఉన్న వీగును ఒకసారి తలుచుకుని ఉంటే బాగుండేది.

కన్నడంలో మన వకారం చాలా మాటల్లో బకారమవుతుంది. కాబట్టి అక్కడ ఇది బీగు. బీగు అంటే ఉబ్బు, గర్వపడు. కన్నడ పత్రికల ఆటల పేజీ చూడండి, "గెద్దు బీగిద" అన్నది అక్కడ అరిగిపోయిన శీర్షిక. గెలిచి పొంగిపోయిన అని అర్థం. బెంగళూరులో బీగినవాడు గెలిచినవాడు, హైదరాబాదులో వీగినవాడు ఓడినవాడు. సరిహద్దు దాటితే ఒకే మాట తిరగబడింది.

విర్రవీగులో ఉన్నది ఈ ఉబ్బే వీగే. విర్ర అంటే నిక్కు, బిగువు. "బిర్రుగా తిన్నాడు" అంటామే, ఆ బిర్రు దీనికి దగ్గరిదే అనుకుంటాను. కాబట్టి విర్రవీగడమంటే బిగుసుకుని ఉబ్బడం. అధికారం చేతిలో ఉన్నవాళ్లను తిట్టడానికి సభలో ఇంతకంటే అతికినట్టు సరిపోయే మాట మరొకటి లేదు.

మరి ఓడే వీగు? ఇక్కడ పండితులు రెండు దారులు పడతారు. ఉబ్బడం నుంచే ఓడటం వచ్చిందని ఒక దారి. వానకు నానిన మట్టిగోడ ముందు ఉబ్బుతుంది, ఆ తర్వాతే కూలుతుంది, కాబట్టి ఉబ్బినది వీగినట్టే అంటారు. బొమ్మ అందంగా ఉంది. మీ తరగతిలో చెబితే పిల్లలు చప్పట్లు కొడతారు కూడా. కానీ మాటల చరిత్ర అందం చూసి నడవదు. మధ్యమెట్టు కనపడాలి, అంటే "ఉబ్బి కూలింది" అనే అర్థంలో వీగు వాడిన చోటు ఉండాలి. అలాంటి చోటు చూపకుండా గోడను సాక్షిగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. నా మొగ్గు రెండో దారికి. ఇవి మొదట రెండు వేరువేరు క్రియలు, వినికిడిలో ఒకటైపోయాయి. ఓడే వీగు అన్నది విచ్చు, విడు, వీడు, విరుగు అనే గుంపుకు చెందినది కావచ్చు. అన్నింటిలోనూ కలిసి ఉన్నది వేరుపడటమే అర్థం. సేన వీగిందంటే బారులు చెదిరి పరుగెత్తిందని. బారు చెదరడం విడిపోవడమే కదా. ఇది నిరూపించిన మాట కాదు, మొగ్గు మాత్రమే.

రెండింటికీ నేడు గందరగోళం రాకపోవడానికి ఒక కాపలా ఉంది. అది "పోవు". వీగు ఒంటరిగా నేటి మాటల్లో దాదాపు లేదు. విర్ర ముందు చేరితే ఉబ్బడం, విర్ర లేకుండా పోవు వెనక చేరితే ఓడటం. పైన నేను "వీగింది" అని పొట్టిగా రాసినప్పుడల్లా మీకు కొంచెం వెలితిగా అనిపించి ఉంటుంది. అదీ కారణం. "తీర్మానాన్ని వీగించారు" అని మాత్రం రాయకండి. ఓడించారు అనే మంచి మాట ఎదురుగా ఉండగా ఈ కుట్టుపని ఎందుకు?

"ప్రభుత్వం వీగిపోయింది" అన్నది తప్పా? పుట్టుక చూస్తే, వీగడం మనుషుల పని, సేనల పని. కాగితం మీది వాక్యం వెన్ను చూపలేదు. ఆ లెక్కన ప్రభుత్వమే వీగాలి, తీర్మానం వీగడమే అలంకారం! కానీ వాడుక మాటను తీర్మానానికి రాసిచ్చేసింది. ఇప్పుడు దాన్ని ప్రభుత్వానికి కూడా తగిలిస్తే, మీ రెండో విద్యార్థికి వచ్చిన తికమకే పాఠకుడికీ వస్తుంది. కాబట్టి తప్పు అనను, రాయమనీ అనను. నెగ్గు విషయంలో కూడా ఇలాంటి పంపకమే ఉంది. మనుషులు గెలుస్తారు, నెగ్గుతారు కూడా. తీర్మానాలు మాత్రం నెగ్గుతాయి గానీ గెలవవు.

నిజంగా తప్పని గట్టిగా చెప్పగలిగినది వేరే ఉంది. 1996 మేలో పదమూడు రోజుల వాజపేయి ప్రభుత్వం "విశ్వాస తీర్మానం వీగిపోయి" దిగిపోయిందని రాస్తుంటారు. వీగలేదు. చర్చ జరిగింది, ఓటింగ్ జరగలేదు. ఆయన జవాబు చెప్పి, రాజీనామా ఇవ్వడానికి రాష్ట్రపతి దగ్గరికి వెళుతున్నానని సభలోనే ప్రకటించారు. 1979 జులైలో మొరార్జీ దేశాయ్ కూడా అవిశ్వాసం మీద ఓటు పడకముందే రాజీనామా చేశారు. ఓటు పడనిదే తీర్మానం వీగదు, నెగ్గదు. "ఓటు దాకా రాలేదు" అనడమే సరి.

ఓట్లు సమానంగా చీలితే? 1999లో అది వెంట్రుకవాసిలో తప్పింది. అప్పటికి ఒడిశా ముఖ్యమంత్రి అయి కూడా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అని సభ అట్టుడికింది. స్పీకరు మన అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. ఓటు వేయాలా వద్దా అన్నది ఆయన గమాంగ్ అంతరాత్మకే వదిలారు. గమాంగ్ వ్యతిరేకంగా వేశారు. తటస్థంగా ఉండి ఉంటే 269కి 269. అప్పుడు రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం బాలయోగి నిర్ణాయక ఓటు వేయాల్సి వచ్చేది. స్పీకరు మొదటి విడతలో ఓటు వేయరు, సమానమైనప్పుడే వేస్తారు. దాన్ని "కాస్టింగ్ ఓటు" అని అందరూ అంటారు, "నిర్ణాయక ఓటు" వినసొంపుగా ఉంది, వాడండి.

ఇక మూజువాణి. సరస్వతికీ దీనికీ సంబంధం లేదు. హిందుస్తానీలో ముహ్ అంటే నోరు, జబాన్ అంటే నాలుక. ముహ్‌జబానీ అంటే నోటిమాటగా. కోర్టు కాగితాల్లో రాతపూర్వకం కాని సాక్ష్యాన్ని మూజుబానీ సాక్ష్యం అనేవారు. బానీ మన నోట్లో వాణి అయి, అమ్మవారి పేరు తగిలించుకుని పెద్దమనిషైంది. మూజు మాత్రం దిక్కులేకుండా మిగిలింది. ఆ ముక్కకు అర్థమేమిటని అడిగినవాళ్లు లేరు.

సభలో ఏ తీర్మానానికైనా మొదట మూజువాణి ఓటే. స్పీకరు "అవును అనేవారు", "కాదు అనేవారు" అని అడిగి, ఏ కేక పెద్దదో విని ఫలితం చెబుతారు. ఎవరైనా ఒప్పుకోకపోతే లాబీలు ఖాళీ చేయమంటారు. మూడున్నర నిమిషాల తర్వాత మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. అప్పటికీ కాదంటే లెక్కింపు. సభ్యుడు తన స్థానం దగ్గర ఒక చేత్తో ఓటు మీట నొక్కి పట్టి, రెండో చేత్తో ఆకుపచ్చ గానీ ఎరుపు గానీ పసుపు గానీ నొక్కాలి. పసుపు తటస్థులకు. ఓటింగ్ ముగిసిందని చెప్పే రెండో గంట మోగేలోపు ఏదో ఒక చేయి వదిలేస్తే ఓటు నమోదు కాదు. అలాంటివాళ్లకు చీటీలిచ్చి సవరించుకోనిస్తారు. అందుకే సభలోని ఫలితాల బోర్డు మీద మొదట కనపడిన అంకెకు "సవరణలకు లోబడి" అని తోక తగిలిస్తారు.

2023 ఆగస్టులో మణిపుర్ గొడవల మీద పెట్టిన అవిశ్వాసం ఈ లెక్కింపు దాకా పోలేదు, మూజువాణి ఓటుతోనే వీగిపోయింది. కాబట్టి దానికి ఎంతకు ఎంత అన్న అంకెలు ఎవరైనా చెబితే నమ్మకండి.