సిమ్ మార్చినట్టు కరెంటు మారుద్దా?

పండక్కి అమెరికా పిల్లలు వచ్చి పోయినట్టున్నారు, ఈసారి ఉత్తరాల్లో సగం అక్కడి ముచ్చట్లే. టెక్సాస్‌లో కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవచ్చంట, అరిజోనాలో బడి డబ్బులు అమ్మానాన్నల ఖాతాలోనే వేస్తారంట, మరి మనకెందుకు లేదు అని. కొన్ని తీసుకుంటున్నా, మిగతావి కూడా ఇంచుమించు ఇవే.

అన్నా, మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. ఫోన్‌లో చూసి కరెంటు కంపెనీ మార్చేశాడంట, మనం సిమ్ మార్చుకున్నట్టు. నాకు ఆరెకరాల రొయ్యల గుంటలుండాయి, రాత్రి కరెంటు పోయిందంటే నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. ఇక్కడ కూడా నాలుగు కంపెనీలొస్తే పోటీపడి బాగా ఇస్తారు గదా?
(రొయ్యల రైతు, అల్లూరు మండలం)

మీవాడు చెప్పింది అబద్ధమేం కాదు. టెక్సాస్‌లో 1999లో చట్టం చేశారు, 2002 జనవరి నుంచి చాలా ఊళ్ళలో జనం కంపెనీని ఎంచుకుంటున్నారు. చాలా ఊళ్ళలో అన్నా, అన్ని ఊళ్ళలో కాదు. ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో కరెంటు ఊరి కార్పొరేషన్ చేతిలోనే ఉంది, అక్కడ మారేదానికి వేరే కంపెనీ లేదు. ఇంకో సంగతి, ఇది మీవాడికీ తట్టి ఉండదు, కంపెనీ మారింది గానీ ఇంటికొచ్చే తీగ మారలేదు. డల్లాస్‌లో స్తంభాలు, తీగలు, మీటర్లు అన్నీ ఒక్క కంపెనీవే, దాని రేటు అక్కడి ప్రభుత్వ కరెంటు కమిషన్ చెప్పాల్సిందే. మారేది బిల్లు పంపేవాడు మాత్రమే.

ఇప్పుడు మీ గుంటల కాడికి రండి. రాత్రిపూట మీకు కరెంటు ఎందుకు పోతుంది? ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడెక్కువై ఫ్యూజు ఎగిరిపోతుంది, సముద్రపు ఉప్పుగాలికి ఇన్సులేటర్లు పాడవుతాయి, గాలివానకి తాటాకు వచ్చి తీగ మీద పడుతుంది. బిల్లు మీద ఏ కంపెనీ పేరున్నా ఆ స్తంభం ఎక్కాల్సింది అదే లైన్‌మాన్. పోటీ పెట్టినందుకు ఆయనేమీ ఇద్దరు కారు.

ఇంక 2021 ఫిబ్రవరి సంగతి. టెక్సాస్‌లో ఎన్నో ఏళ్ళుగా లేనంత చలి వచ్చి గ్యాస్ బావులూ పైపులూ గడ్డకట్టినాయి, కరెంటు ప్లాంట్లు ఆగిపోయినాయి, 45 లక్షల ఇళ్ళ పైన చీకట్లో ఉండిపోయినాయి, ప్రభుత్వం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. వాళ్ళ గ్రిడ్‌కి పక్క రాష్ట్రాల గ్రిడ్‌లతో పెద్దగా లింకు లేదు, కావాలనే అట్ట పెట్టుకున్నారు, ఢిల్లీ పెత్తనం మాకొద్దు అని మనోళ్ళు అన్నట్టు వాళ్ళకి వాషింగ్టన్ పెత్తనం వద్దు. అందుకని పక్కనుంచి తెచ్చుకునేదానికీ పెద్దగా దారి లేకపోయింది. హోల్‌సేల్ మార్కెట్‌లో రేటు యూనిట్ 9 డాలర్లకి పోయింది, అప్పటి లెక్కలో 650 రూపాయలు! హోల్‌సేల్ రేటే మాకియ్యండి, చౌక గదా అని ఆ ప్లాన్ తీసుకున్నవాళ్ళకి వారంలో వేల డాలర్ల బిల్లు వచ్చింది, తర్వాత ఇళ్ళకి అసలు ఆ రకం ప్లానే అమ్మకూడదని చట్టం చేశారు.

తెల్లవారుజామున 3 గంటలకి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలే టైముకి మీకు ఏరియేటర్లు కావాలి, మీకే కాదు అల్లూరు నుంచి ఇస్కపల్లి దాకా అందరికీ అప్పుడే కావాలి. అందరికీ కావలసినప్పుడే రేటు పెరగటం మార్కెట్ ధర్మం, దాన్ని తప్పు పట్టడానికేం లేదు, కాకపోతే రేటు దిగినాక ఏరియేటర్ వేద్దాంలే అని ఆగితే మీకు మిగిలేది ఖాళీ గుంట.

అట్టని అక్కడంతా చెడ్డే అంటే అదీ తప్పే. అమెరికాలో గాలిమరల కరెంటు అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ టెక్సాస్‌లోనే, ఎవరైనా ప్లాంటు పెట్టి అమ్ముకోవచ్చనే స్వేచ్ఛ వల్లే అది చాలావరకు. కానీ ఎక్కడో పడమటి ఎడారిలో వీచే గాలిని డల్లాస్ దాకా తెచ్చే లైన్లు వేసింది మాత్రం మార్కెట్ కాదు, ప్రభుత్వం ప్లాన్ వేసి సుమారు 700 కోట్ల డాలర్లు జనం బిల్లుల్లోంచే వసూలు చేసింది. స్వేచ్ఛా మార్కెట్ గురించి ప్రసంగాలు చేసేవాళ్ళు ఈ ముక్క కాడికొచ్చేసరికి దగ్గుతారు.

మన దగ్గర అసలు లేదని కాదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం 1 మెగావాట్ పైన వాడేవాళ్ళు బయట కొనుక్కోవచ్చు, 2022 నుంచి సోలార్, విండ్ లాంటి కరెంటైతే 100 కిలోవాట్లు చాలు. ముంబైలో అయితే ఇళ్ళకే రెండు కంపెనీలున్నాయి. ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆక్వా జోన్‌లో ఉండి 10 ఎకరాల లోపు వాళ్ళకి యూనిట్ 1.50 రూపాయలకి ఇస్తున్నారే, ఆ తక్కువైన డబ్బు ఎక్కడిది? కొంత ప్రభుత్వం ఇస్తుంది, కొంత ఫ్యాక్టరీల దగ్గర ఎక్కువ రేటు పిండి సర్దుతారు. రేపు నాలుగు కంపెనీలొస్తే నాలుగూ ముందు ఆ ఫ్యాక్టరీల గేటు కాడ నిలబడతాయి గానీ మీ గుంట గట్టు మీదికి ఎవరూ రారు. కొత్త కంపెనీ కోసం ఎదురుచూడకుండా మీ రైతులంతా కలిసి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కోసం కరెంటాఫీసు మీద పడండి, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో సాయంత్రమే చూసుకోండి.

మేడమ్/సార్, తల్లికి వందనం డబ్బులు ఎట్టాగూ పడుతున్నాయి, ఇద్దరు పిల్లల్నీ ప్రైవేటులో వేద్దాం అంటారు మా ఆయన. ఇప్పుడు ఊళ్ళో ప్రభుత్వ బడిలో ఉన్నారు, సార్లు బాగానే చెప్తారు. అమెరికాలో కూడా ఇట్టనే ఇచ్చి నచ్చిన బడికి పంపమంటారంట. మార్చమంటారా?
(ఒక తల్లి, సింగరాయకొండ)

అమ్మా, దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు, ఈ విషయంలో ప్రపంచం మొత్తం చదివే లెక్క మన ఆంధ్రలో తీసిందే! 2008లో మొదలుపెట్టి నాలుగేళ్ళు, 180 పల్లెల్లో, చీటీలు తీసి ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి ప్రైవేటు ఫీజు కట్టారు. చీటీ తగిలిన పిల్లల్నీ తగలని పిల్లల్నీ పోల్చి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2015లో అచ్చేశారు. తెలుగు, లెక్కల్లో తేడా ఏమీ లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకి పోయినోళ్ళు బాగా ముందున్నారు, ఎందుకంటే ఆ బడుల్లో హిందీ చెప్పేవాళ్ళు, సర్కారు బడుల్లో దాదాపు చెప్పేవాళ్ళు కాదు.

ఇంతేనా అనుకోవద్దు, ప్రైవేటువాళ్ళు తెలుగుకీ లెక్కలకీ తక్కువ టైమిచ్చి కూడా అవే మార్కులు తెప్పించారు, అదీ ప్రభుత్వ బడిలో ఒక పిల్లకయ్యే ఖర్చులో మూడో వంతు కూడా లేకుండా. అక్కడి టీచర్ల చదువు తక్కువ, జీతం మరీ తక్కువ, కానీ రోజూ బడికి వస్తారు. మార్కెట్ పక్షం వాళ్ళు ఈ ఖర్చు ముక్క పట్టుకుంటారు, సర్కారు బడి పక్షం వాళ్ళు తేడా లేదన్న ముక్క పట్టుకుంటారు, రెండూ ఒకే పేపర్‌లో ఉన్నాయి.

మీ ఇంటి సంగతికొస్తే ప్రభుత్వానికి ఎంత మిగిలిందనేది మీకనవసరం. బిడ్డకి 15,000లో 2,000 బడి నిర్వహణకి పోను చేతికొచ్చేది 13,000. ఫీజు అడిగేటప్పుడు బస్సు ఫీజు, పుస్తకాలు, రెండు రకాల యూనిఫారం, బూట్లు, ఇంకా ‘యాక్టివిటీ’ అని ఒకటుంటుంది, అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. మా అక్క కూతురి బడిలో జూన్‌లో చెప్పింది ఒకటి, సంక్రాంతికి కట్టింది ఒకటి. రాయించుకున్నాక కూడా సరిపోద్ది అనుకుంటే అప్పుడు ఆలోచించండి. సార్లు బాగా చెప్తున్నారని మీరే రాశారు కదా, నేనైతే కదిలించను. చిన్నది ఇంకా ఒకటో తరగతిలో చేరకపోతే మాత్రం, విద్యా హక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి, దానికి దరఖాస్తు పెట్టుకోండి, పోయేదేముంది.

ఓచర్లు, స్కూల్ చాయిస్ అంటూ డబ్బున్నవాళ్ళు సర్కారు బడి గొంతు నొక్కడానికి తెచ్చిన స్కీము ఇది. మీరు పోయిన సంచికలో దాన్ని మోశారు. సిగ్గుచేటు.
(రిటైర్డ్ హెడ్మాస్టర్, కనిగిరి)

మాస్టారూ, నమస్కారం. మోయలేదండీ, దింపీ లేదు. సర్కారు ఫీజు డబ్బు ఓచర్‌గా ఇస్తే అమ్మానాన్నలే బడిని ఎంచుకోవాలనే ఆలోచన 1955లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త రాసిందే, కానీ 1990లో మిల్వాకీ ఊళ్ళో మొదటగా తెచ్చిన పోలీ విలియమ్స్ అనే ఆవిడ నల్లజాతి నాయకురాలు, డెమోక్రాట్, మా పేట పిల్లలకి మంచి బడి లేదని కొట్లాడింది. 300 పైచిలుకు పేద పిల్లలతో మొదలైంది. మీ కోపం నిజమయ్యేది తర్వాత కథలో. అరిజోనా 2022లో ఉన్నవాడికీ లేనివాడికీ అందరికీ ఇస్తామంది, మొదట్లో వచ్చి చేరినవాళ్ళలో ఎక్కువమంది అప్పటికే ప్రభుత్వ బడిలో లేని పిల్లలు. అంటే ఎట్టాగూ ఫీజు కట్టుకుంటున్నవాళ్ళకి సర్కారు డబ్బు!

మీకు నచ్చే కథ ఇంకోటి. టెక్సాస్‌లో 2023లో ఈ బిల్లుని ఆపింది ప్రతిపక్షం ఒక్కటే కాదు, గవర్నర్ ఆబట్ సొంత పార్టీ ఎమ్మెల్యేలే 21 మంది అడ్డం తిరిగారు, ఎక్కువమంది పల్లెల వాళ్ళు. మా తాలూకాలో ఉండేదే ఒక్క బడి, ఊళ్ళో నలుగురికి ఉద్యోగమిచ్చేదీ అదే, ఇంక ఎంచుకునేది దేన్ని, అనేది వాళ్ళ బాధ. ఆయన ఊరుకోకుండా ఎన్నికల్లో వాళ్ళ మీద పోటీదార్లని నిలబెట్టి, కొందరిని ఓడించి, 2025 మేలో 100 కోట్ల డాలర్లతో చట్టం చేయించుకున్నాడు. కెంటకీలో మాత్రం 2024లో జనాన్నే ఓటడిగితే 120 కౌంటీల్లో ఒక్కటీ ఒప్పుకోలేదు, అదే రోజు అదే జనం ట్రంప్‌ని భారీగా గెలిపించారు.

వెలిగొండ అంచు పల్లెలు మీకు నాకన్నా బాగా తెలుసు. అక్కడ డబ్బు చేతిలో పెట్టి ఎంచుకోమ్మా అంటే, పొద్దున 7 గంటలకే పసిపిల్లని వ్యాన్ ఎక్కించడం తప్ప ఆ తల్లి చేయగలిగింది లేదు. ఆ వరకు మీ పక్షమే. కానీ ఇద్దరు టీచర్లలో ఒకరు రాని రోజున మూడు తరగతులు ఒకే గదిలో కూర్చోబెట్టే బడికి, నువ్వు పోతే నాకు నష్టం అనే భయం కాస్త ఉండాలంటాను. మీ బడిలో మీరున్నంత కాలం ఆ అవసరం రాలేదేమో, అందరూ మీరు కారు కదా.

ఫ్రీడ్‌మన్ బతికుంటే మన రైతుల ఉచిత కరెంటు చూసి ఏమనేవాడు?
(డిగ్రీ విద్యార్థి, కావలి)

మీటరు పెట్టి డబ్బు రైతు ఖాతాలో వెయ్యండి, మిగిల్చుకుంటే రైతుకే లాభం, నీళ్ళూ మిగులుతాయి అనేవాడు. ఆయన్ని అడక్కుండానే మనోళ్ళు శ్రీకాకుళంలో అదే మొదలుపెట్టారు, అప్పుడు చాలామంది రైతులది ఒకటే మాట: ఇవాళ మీటరు పెట్టినోడు రేపు బిల్లు పంపడా? 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీలు తగ్గించమన్నందుకు ముగ్గురు కాల్పుల్లో పోయిన రాష్ట్రం, 2004 మే 14న మొదటి సంతకమే ఉచిత కరెంటు మీద పడిన రాష్ట్రం ఇది. లెక్కగా చూస్తే ఆయనది తప్పు కాదు బాబూ, నమ్మకం లేదంతే.

ఎండలకి ఏసీ పెట్టుకుందామంటే కరెంటు ఎక్కువ కాలితే తల్లికి వందనం ఆపేస్తారంటున్నారు. నిజమేనా?
(గృహిణి, ఒంగోలు)

నిజమే. నెలకి సగటున 300 యూనిట్లు దాటితే పథకాలకి అనర్హులంటారు. ఒక నెల పెరిగినందుకు కంగారుపడొద్దు, సగటు కదా. అద్దె ఇల్లయితే ఓనరు సర్వీసు నంబరు మీ ఆధార్‌కి ఎక్కిందేమో సచివాలయంలో ముందే చూపించుకోండి, వాళ్ళ ఏసీలు కూడా మీ లెక్కలోకి వచ్చి పడతాయి.