అమ్మ చీరల బొంత కుట్టి ఇవ్వమంటే

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాము. రెండేళ్లు అద్దె మిషను మీద నా బొంతలు నేనే కుట్టుకుని, ఈ మధ్యనే 12 అడుగుల చట్రమున్న లాంగ్ ఆర్మ్ మిషను (బొంతను చట్రానికి బిగించి కుట్టే పెద్ద మిషను) కొన్నాను. తెలిసినావిడ ఒకరు, చనిపోయిన తన తల్లిగారి చీరలతో కూర్చిన పై పొర తెచ్చి, క్విల్టింగ్ (పొరలన్నీ కలిపి కుట్టడం) చేసి ఇవ్వమంటున్నారు. వెంకటగిరి, మంగళగిరి నూలు చీరలతో పాటు జరీ ముక్కలూ ఉన్నాయి. చుట్టూ వేసిన అంచు అలలుగా లేస్తోంది. పాడైతే మళ్లీ తేలేనిది కదా అని భయంగా ఉంది. ఒప్పుకోవచ్చా? ఎంత తీసుకోవాలి?

జవాబు: ఒప్పుకోండి. అయితే ఆ అంచు సరిచేయకుండా మాత్రం బొంతను చట్రానికి ఎక్కించకండి. కుడితే అదే సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు గాని, వదులుగా ఉన్న గుడ్డంతా మిషను పాదం ముందుకు చేరి, చివరికి మడతపడి, ఆ మడత మీదే కుట్టు పడిపోతుంది. ఆవిడ ఎదుటే పై పొరను నేల మీద పరిచి, వెడల్పును పైన, మధ్యలో, కింద కొలవండి. మధ్య కొలత 60 అంగుళాలుండి అంచు దగ్గర 62 వస్తే, అంచు పట్టీని కొలవకుండా కుట్టి, మిగిలింది కత్తిరించారన్నమాట. దాన్ని విప్పి, మధ్య కొలతకే పట్టీ కత్తిరించి, మూలల్లోనూ నడుమా గుండుసూదులు పెట్టి మళ్లీ కుట్టాలి. మన ఊళ్లలో బొంత కుట్టే అవ్వలు చాప మీద నాలుగు మూలలూ లాగి, కచ్చా కుట్లు వేశాకే అసలు కుట్టు మొదలుపెట్టేది ఇందుకే.

తరువాత పై పొరను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. కట్టిన చీర కుచ్చిళ్ల దగ్గరా కింది అంచు దగ్గరా ముందుగా నలుగుతుంది; పోగులు విడిపోయి వెలుతురు కనిపించిన చోట, వెనక నుంచి ఇస్త్రీతో అతుక్కునే పలుచని లైనింగ్ వేయించండి. ముదురు ఎరుపు ముక్కల మీద తడిపిన తెల్లగుడ్డ అద్దితే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. జరీ మీద సూది పడితే పోగు తెగుతుంది కనుక, వీలైనంతవరకు కుట్టును దాని పక్క నుంచి నడపండి. ఇంత పాత నూలుకు దట్టమైన డిజైను వద్దు: సూది రంధ్రాలెక్కువైతే గుడ్డ చిరుగుతుంది, బొంత అట్టలా బిగుసుకుపోతుంది. రెండున్నర, మూడు అంగుళాల ఎడంతో వంపులు తిరిగే కుట్టు చాలు. బ్యాటింగ్ (పై పొరకూ అడుగు గుడ్డకూ మధ్య పరిచే మెత్తటి పొర) పొట్లం మీద కుట్టుకూ కుట్టుకూ మధ్య గరిష్ఠంగా ఎంత ఎడం ఉండవచ్చో రాసి ఉంటుంది; దాన్ని మించకండి. అడుగు గుడ్డ, బ్యాటింగ్ రెండూ నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి.

అమెరికాలో ఈ పనికి చదరపు అంగుళానికి ఇన్ని సెంట్లని లెక్క కడతారు. 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవంటే 4,800 చదరపు అంగుళాలు. 2 సెంట్ల చొప్పున 96 డాలర్లు. బ్యాటింగ్ ఖర్చు, అంచు మీరే విప్పి కుడితే ఆ గంటల కూలి వేరు. తెలిసినావిడని మొహమాటపడి నోటిమాటతో వదిలేయకండి. కొలతలు, నలిగిన చోట్లు, డిజైను, ధర కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి.

ఆవిడ దగ్గర మిగిలిన చీర ముక్కలుంటే అడిగి తీసుకోండి. పై దారం, కింది దారం బిగువు ముందుగా వాటి మీదే సరిచూసుకుని, మిగతావి బొంతతో పాటు తిరిగి ఇచ్చేయండి. రేపు ఎక్కడైనా చిరిగితే మాసిక వేయడానికి ఆ చీరదే గుడ్డ ఉంటుంది.