గుర్రాల ఆసుపత్రిలో చేరబోతున్న మేనకోడలికి

అమ్మాయీ,

మామయ్య ఆశీస్సులు. గుర్రాల ఆసుపత్రిలో నైట్ డ్యూటీ డాక్టరుగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో అన్నేళ్లు చదివినా గుర్రాన్ని దగ్గరగా చూసింది తక్కువేనని నువ్వు భయపడుతున్నావట. మన కాలేజీల్లో చదువంతా ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ల చుట్టూనే తిరుగుతుంది. అది నీ లోటు కాదు. నేను పని చేసిందంతా రేసుకోర్సు లాయాల్లోనూ, వాటిని ఆనుకుని ఉన్న ఆసుపత్రుల్లోనూ కాబట్టి, మొదటి నెలల్లో నీకు పనికొచ్చేవి రాస్తున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. గుర్రాల ఆసుపత్రిలో ఏ గుర్రాన్నీ ఒక్క డాక్టరు బతికించలేడు. సర్జన్, మత్తు ఇచ్చే డాక్టరు, మందులు చూసే డాక్టరు, రాత్రంతా మేలుకుని ఉండే నీలాంటి జూనియరు, గుర్రాన్ని కనిపెట్టుకుని ఉండే సైసు, ఇంతమంది చేతుల మీదుగా వైద్యం నడుస్తుంది. సరైన సమయానికి సరైన మనిషిని పిలవగలిగితే నీ డ్యూటీ నువ్వు చేసినట్టే. రాత్రి రెండింటికి సీనియర్‌ని లేపాలంటే మొహమాటపడకు. తెల్లారేదాకా చూద్దాంలే అనుకున్న గుర్రాలే ఎక్కువగా చేజారిపోతాయి.

నీకు రాత్రిళ్లు ఎక్కువగా ఎదురయ్యేది కడుపునొప్పి, కోలిక్. గుర్రం ముందుకాలితో నేలను గీరుతుంది, మాటిమాటికీ తల తిప్పి డొక్క వైపు చూసుకుంటుంది, చెమటలు కక్కుతుంది, పడి దొర్లుతుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా "డాక్టరమ్మా, ముందు సూది వెయ్యండి" అని తొందరపెడతారు. దాన్ని పట్టుకోవడానికి వీల్లేనంతగా విరుచుకుపడుతుంటే తప్ప, ఏ సూదీ వేయకముందు ఒక్క నిమిషం గుండె లెక్కపెట్టు. ఎడమ మోచేతి వెనక స్టెత్ పెడితే బాగా వినిపిస్తుంది. స్థిమితంగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకుంటుంది. 60 దాటిందంటే వెంటనే సీనియర్‌కి ఫోన్ చెయ్యి. సూది వేశాక లెక్కపెడితే ఆ అంకెకు అర్థం ఉండదు. మగత కోసం ఇచ్చే జైలజిన్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, పేగులు సడలడానికి ఇచ్చే బస్కోపాన్ పెంచుతుంది. తర్వాత చిగుళ్లు చూడు. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. డొక్కకు రెండు వైపులా, పైనా కిందా, నాలుగు చోట్లా చెవి పెట్టి విను. పేగుల చప్పుడు పూర్తిగా ఆగిపోతే అది చెడ్డ సూచన.

గుర్రం వాంతి చేసుకోలేదు. అంత పెద్ద జంతువుకు కడుపు మాత్రం చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది అంతే. సన్నపేగు మెలిపడితే నీరంతా వెనక్కి తన్ని ఆ కడుపులో నిండుతుంది, తీయకపోతే కడుపు పగులుతుంది. అందుకే గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయడం ఆలస్యం చేయకూడదు. గొట్టాన్ని ముక్కు అడుగునే పోనీ, పైకి పోతే నెత్తురు కారుతుంది. ఎంత జాగ్రత్తగా వేసినా ఒక్కోసారి కారుతుంది కాబట్టి ఆ మాట ఓనరుకు ముందే చెప్పు, లేకపోతే నెత్తురు చూసి కంగారుపడతారు. గుర్రం గుటక వేసినప్పుడే లోపలికి తోయి. మెడ ఎడమ పక్కన గొట్టం కిందికి జారడం కంటికి కనిపించాలి, లేదా చేతికి తెలియాలి. అది ఆహారనాళంలోనే ఉందని నిశ్చయం చేసుకోకుండా, లద్దె జారడానికి గొట్టంలో పోసే నూనె చుక్క కూడా పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోయిన నూనె గుర్రాన్ని చంపేస్తుంది. కడుపులోంచి రెండు లీటర్లకు మించి నీరు వెనక్కి వస్తే నూనె మాట మరిచిపోయి సర్జన్‌ని పిలువు.

ఫ్లునిక్సిన్ మంచి మందే. కానీ అది నొప్పిని కప్పేస్తుంది, మెలిపడ్డ పేగును విప్పదు. ఆ సూది పడ్డాక కూడా నొప్పి ఆగకపోతే, లేదా కాసేపు ఆగి మళ్లీ మొదలైతే, రెండో డోసు గురించి కాదు, ఆపరేషన్ గురించి మాట్లాడాలి. లాయంలో ట్రైనరో ఇంకొకరో ముందే ఏమైనా ఇచ్చారేమో అడుగు. కోపంగా అడిగితే చెప్పరు. "ఏం ఇచ్చారో తెలిస్తే మోతాదు సరిచూసుకుంటాను" అని అడిగితే చెప్తారు.

సూదుల సంగతి మరొకటి. మెడ నరంలోకి, అంటే సిరలోకి, ఇచ్చేటప్పుడు మెడ పైభాగంలోనే గుచ్చు. అక్కడ నరానికీ ధమనికీ మధ్య ఒక కండరం అడ్డంగా ఉంటుంది, కిందికి వచ్చే కొద్దీ రెండూ దగ్గరవుతాయి. ముందు సూదొక్కటే గుచ్చి నెత్తురు ఎలా వస్తుందో చూడు. మెల్లగా కారితే సరే, చిమ్మితే తీసెయ్యి. ధమనిలోకి మందు పోతే అది నేరుగా మెదడుకు చేరి, సిరంజి ఇంకా చేతిలో ఉండగానే గుర్రం కుప్పకూలి కొట్టుకుంటుంది. ఆ సమయంలో పక్కన ఉన్న మనుషులకూ ప్రమాదమే.

మీ అమ్మ టెన్షన్ అంతా నీ ఒంటి బలం గురించి. రేసుగుర్రం 450, 500 కిలోలు ఉంటుంది, దాన్ని బలంతో లొంగదీసే మగవాణ్ని నేనింకా చూడలేదు. కాబట్టి ఆ దిగులు అవసరం లేదు. మాట్లాడుతూ ఎడమ భుజం వైపు నుంచి వెళ్లు, చెయ్యి ముందు భుజం మీద వేసి అక్కణ్నుంచి జరుపుకుంటూ పో. సైసు, నువ్వు ఎప్పుడూ ఒకే పక్కన ఉండాలి. జైలజిన్ పడ్డ గుర్రం తల వేలాడేసి నిద్రపోతున్నట్టే ఉంటుంది, కానీ వెనక కాలు మాత్రం గురి తప్పకుండా తంతుంది.

ఆపరేషన్ థియేటర్లో మొదట్లో నీకు చిన్న పనులే చెప్తారు. వాటిని చిన్నవని అనుకోవద్దు. గుర్రం పడుకోగానే తల నుంచి హాల్టర్, అంటే తలకు వేసే పట్టీల కట్టు, తీసెయ్యడం ఎవరో ఒకరికి గుర్తుండాలి, ఆ ఒకరు నువ్వే అవ్వు. దాని ఇనుప బకిల్ గంటల తరబడి దవడ కింద నొక్కితే ముఖ నరం దెబ్బతిని పెదవి వాలిపోతుంది. పక్కకు పడుకోబెట్టినప్పుడు కింద ఉన్న ముందుకాలిని ముందుకు లాగి పెట్టు, భుజం కింద మెత్త సరిగ్గా ఉందో లేదో చూడు. రక్తపోటు సగటు 70 కంటే పడిపోతుంటే మత్తు డాక్టరుకు గట్టిగానే చెప్పు, లేకపోతే కండరాలకు నెత్తురు అందక గుర్రం లేవలేని స్థితి వస్తుంది. సర్జరీ బాగా జరిగిన గుర్రం కూడా లేచేటప్పుడు కాలు విరగ్గొట్టుకోవచ్చు. పడుకుని ఉంటే పులికి చిక్కుతానన్న భయం దాని రక్తంలోనే ఉంది, అందుకే స్పృహ పూర్తిగా రాకముందే లేవాలని తన్నుకులాడుతుంది. రికవరీ గదిలో లైట్లు తగ్గించు, సెల్‌ఫోన్లు ఆపించు, తలకూ తోకకూ తాళ్లు పట్టేవాళ్లు ఎవరో ముందే తేల్చుకో. మనుషుల మత్తుతో పోలిస్తే గుర్రాల మత్తులో ప్రాణం పోయే ప్రమాదం చాలా ఎక్కువ, మామూలు ఆపరేషన్లలోనే వందకు ఒకటి దాకా ఉంటుంది. ఈ మాట ఓనరు సంతకం పెట్టకముందే చెప్పాలి.

సైసుల దగ్గర నేర్చుకో. నిన్న ఎన్నిసార్లు లద్దె వేసింది, తొట్టిలో నీళ్లు ఎంత తగ్గాయి, ఉలవ గుగ్గిళ్లు ముట్టిందా లేదా, ఇవి ఏ స్కానింగూ చెప్పదు. వాళ్లలో చాలామందికి ఉర్దూ, హిందీ అలవాటు, నీకు వచ్చిన నాలుగు ముక్కలతోనే మాట్లాడు. "ఈ గుర్రం ఇవాళ తేడాగా ఉంది మేడమ్" అని సైసు అంటే, చూడటానికి బాగానే ఉన్నా సరే, ఒళ్లు వేడి చూసి, గుండె లెక్కపెట్టి, గంట తర్వాత మళ్లీ వెళ్లు.

ఇచ్చిన ప్రతి మందూ, ఇచ్చిన టైమూ, మోతాదూ అప్పటికప్పుడే కేసు షీటులో రాసెయ్యి. తెల్లారి డ్యూటీకి వచ్చే డాక్టరుకు నీ రాత్రంతా ఆ కాగితంలోనే కనిపించాలి. పైగా రేసుగుర్రాలకు పరుగు తర్వాత మందుల పరీక్ష ఉంటుంది. రేసు దగ్గర పడుతోంది, రాయకుండా ఒక సూది వెయ్యమని ఎవరైనా అడిగితే, వాళ్లు ఎంత పెద్దవాళ్లైనా కుదరదని చెప్పి అదే రోజు నీ సీనియర్ చెవిన వెయ్యి.

డబ్బు మాట నాన్చొద్దు. ఎంత ఖర్చవుతుంది, బతికే అవకాశం ఎంత, బతికితే మళ్లీ పరుగెత్తుతుందా, ఈ మూడూ ఒకేసారి చెప్పేయాలి. గుర్రానికి ఇన్సూరెన్స్ ఉంటే ఆపరేషన్‌కైనా, శాశ్వతంగా నిద్రపుచ్చడానికైనా ముందు కంపెనీకి కబురు చేయించు. బరాత్ గుర్రాలు, బండి గుర్రాలు కూడా వస్తాయి. వాటి మీదే ఇల్లు గడిచే మనిషి ఆపరేషన్ చేయించలేక ఏడుస్తుంటే నీకూ కష్టంగా ఉంటుంది. ఆశ లేని గుర్రాన్ని మరో రెండు రోజులు బాధపెట్టడం కంటే నిద్రపుచ్చుదామని నెమ్మదిగా చెప్పు, చెప్పి అతని పక్కన కాసేపు కూర్చో.

చీముతో ముక్కు కారుతూ, ఒంటి మీద గడ్డలు పగిలి పుండ్లైన గుర్రం ఎప్పుడొచ్చినా మొదట గ్లాండర్స్ అనే అంటువ్యాధిని అనుమానించు. అది మనుషులకూ అంటుతుంది, ప్రాణం తీస్తుంది. గ్లౌజులు, మాస్కు లేకుండా దగ్గరికి పోవద్దు, ఎవరినీ పోనివ్వద్దు. గుర్రాన్ని వేరుగా కట్టించి పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి, జంతువుల అంటువ్యాధుల నివారణకు చేసిన 2009 చట్టం ప్రకారం అది మన బాధ్యత. రక్తం నమూనాను హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం పరీక్షిస్తుంది. ఫలితం వచ్చేదాకా వైద్యం మొదలుపెట్టొద్దు.

చేరేముందు నువ్వు టెటనస్ సూది, రేబిస్ టీకాలు వేయించుకో. ముందు భాగంలో గట్టి రేకు ఉన్న బూట్లు కొనుక్కో, నాజూకు చెప్పులు లాయంలో పనికిరావు. మొదటి వారం రోజులూ పగటి పూట ఒక గంట ముందే వెళ్లి, జబ్బులేని గుర్రాల గుండె, పేగులు వింటూ ఉండు. డ్యూటీ షెడ్యూలు రాగానే నాకు పంపు, నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో నా ఫోన్ సైలెంట్‌లో పెట్టను.

మీ మామయ్య