ఆ పిల్లలకు అక్కగా వెళ్లొచ్చా?

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మాది గోపాలపట్నం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్నకు పక్షవాతం వచ్చింది. అమ్మ కంపెనీ షిఫ్టుకి వెళ్లేది. నాన్నకు తినిపించడం, డయాపర్ మార్చడం, తమ్ముణ్ణి బడికి తయారుచేయడం అన్నీ నేనే చూసుకున్నాను. నాన్న పోయి రెండేళ్లయింది. ఇప్పుడు డిగ్రీ ఫైనలియర్. ఇంట్లో జబ్బు మనుషుల్ని చూసుకుంటున్న బడిపిల్లలకు వారానికోసారి తోడుగా కూర్చునేవాళ్లు కావాలని మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్‌ను ఒక స్వచ్ఛంద సంస్థ అడిగింది. పేరు ఇవ్వాలని ఉంది. కానీ నేను ఏ కోర్సూ చదవలేదు. వాళ్లకు ఏం చెప్పాలి? నా సంగతి చెప్పొచ్చా? పాతవన్నీ గుర్తొస్తే ఎలా అని టెన్షన్‌గా కూడా ఉంది. అమ్మేమో ‘ఇన్నాళ్లూ చేసింది చాలదా’ అంటోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: పేరు ఇవ్వమ్మా. కోర్సు చదవలేదని వెనకాడకు. నువ్వు వెళ్లేది కౌన్సెలింగ్ చేయడానికి కాదు, అది చదువుకున్నవాళ్ల పని. ముక్కు గొట్టంలో జావ పోసేటప్పుడు చెయ్యి ఎలా వణుకుతుందో, లెక్కల పీరియడ్‌లో కూర్చుని ‘నాన్న పక్క తడిసిపోయిందేమో’ అనుకుంటే ఎలా ఉంటుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. అది తెలిసిన మనిషే వాళ్లకు కావాలి.

ఏం చెప్పాలని అడిగావు. ముందు ఏం చెప్పకూడదో చెబుతాను. వాళ్లను పొగడకు. ‘బంగారు తల్లి’, ‘ఈ వయసులో ఎంత ఓర్పో’, మగపిల్లాడైతే ‘శ్రవణ కుమారుడు’. ఇవన్నీ నువ్వూ విని ఉంటావు. అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట పడ్డాక ఆ పిల్ల ‘నాకు విసుగొస్తోంది’ అని ఎవరితో అనగలదు? బంగారు తల్లికి విసుగు రాకూడదు, నానమ్మ మీద కోపం రాకూడదు, పిక్నిక్‌కి వెళ్లాలనిపించకూడదు. పొగిడినవాళ్లు కాఫీ తాగి వెళ్లిపోతారు. పని ఆ పిల్లదే, పైగా ఇక నోరు విప్పడానికి కూడా ఉండదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ వార్డులో పనిచేసే రోజుల్లో ఒక కుర్రాడు తండ్రికి తోడుగా ఉండేవాడు. పదమూడేళ్లుంటాయేమో. వచ్చిన చుట్టాలందరూ వాడి తల నిమిరి పొగిడేవారు. వాడు నవ్వేవాడు. వాళ్లు వెళ్లాక క్యారేజీ గిన్నెలు కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, సొట్టలు పడతాయేమో అన్నంత గట్టిగా తోమేవాడు. ఒక రాత్రి మా హౌస్ సర్జన్ ఒకాయన వాడి పక్కన కూర్చుని ‘క్రికెట్ ఆడతావా’ అని అడిగాడు. వాడు వికెట్ కీపరట. ఆటకు వెళ్లడం మానేసేసరికి గ్లవ్స్ పక్క వీధి కుర్రాడికి ఇచ్చేశారట. ఆ గ్లవ్స్ గురించి చాలాసేపు చెప్పాడు. ఆ తర్వాతే తల దించుకుని, ‘బీపీ మాత్ర వేసుకోమని అమ్మ రోజూ చెప్పేది సార్. నాన్న వేసుకోలేదు. ఇప్పుడు అన్నీ నేనే చెయ్యాలి’ అన్నాడు. ‘తప్పురా, నాన్నను అలా అనకూడదు’ అని ఆ డాక్టరు అనలేదు. ‘కోపం రాదా మరి’ అన్నాడు, అంతే. ఆయన చేసిందే నిన్నూ చేయమంటున్నాను.

పేషెంటు ఎలా ఉన్నారని ఆ పిల్లల్ని అందరూ అడుగుతారు. నువ్వు వాళ్ల గురించి అడుగు. ఏ సబ్జెక్టు ఇష్టం, ఫలానా స్నేహితురాలితో ఎందుకు మాట్లాడటం లేదు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు. ఈ చివరిది మాత్రం తప్పకుండా అడుగు. మంచాన పడ్డ మనిషికి పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని మేం ఆసుపత్రిలో చెప్పి పంపిస్తాం. పెద్దవాళ్లకే చెబుతాం. ఇంటికెళ్లాక అలారం పెట్టుకుని లేచేది ఎనిమిదో తరగతి పిల్ల. మర్నాడు క్లాసులో కునుకు తీస్తే బద్ధకం అంటారు. రాత్రి పని ఇంకెవరైనా పంచుకోగలరా, ఎయిర్ బెడ్ దొరికే దారి ఉందా అని సంస్థవాళ్ల చేత ఆ ఇంటివాళ్లతో మాట్లాడించు. కింద దుప్పటి వేసి ఇద్దరు పట్టుకుని మనిషిని ఎలా జరపాలో ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపిస్తే పిల్ల నడుము నిలుస్తుంది. మందుల మోతాదుల జోలికి మాత్రం నువ్వు వెళ్లకు.

నీ సంగతి చెప్పొచ్చు. వాళ్లు అడిగినప్పుడు, కొంచెంగా చెప్పు. నాన్న పోయారని మొదటి వారమే చెప్పకు. వాళ్లింట్లో మనిషి ఇంకా ఉన్నారు, వాళ్లు రోజూ ఆ భయంతోనే పడుకుంటారు. సూటిగా అడిగితే మాత్రం అబద్ధమాడకు.

‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్ అక్కా’ అని ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అంటారు. ఒట్టు వేయకు. ‘నీకు హాని జరిగే విషయమైతే చెప్పాల్సి ఉంటుంది, మిగతావి మన మధ్యే’ అని మొదటి రోజే చెప్పేయ్. కొడుతున్నారని తెలిస్తే ఆ రోజే సంస్థ కోఆర్డినేటర్‌కు చెప్పాలి. లైంగిక వేధింపు సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పిల్లల సహాయానికి 1098 ఉంది. ‘చచ్చిపోవాలనుంది’ అని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకు, వెంటనే పెద్దవాళ్లను పిలువు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కి పగలూ రాత్రీ ఫోన్ చేయొచ్చు. కలుసుకునేది ఎప్పుడూ బడిలోనో సంస్థ దగ్గరో, నలుగురి కంటి ముందే.

నీ డబ్బు ఇవ్వకు. కానీ డబ్బు ఎక్కడ అందుతుందో తెలుసుకుని వెళ్లు, చాలా ఇళ్లలో తెలియదు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా పింఛను 2024లో నెలకు 15,000 రూపాయలు చేశారు. తల్లిదండ్రులు ప్రాణాంతకమైన జబ్బుతోనో, పిల్లల్ని చూసుకోలేని స్థితిలోనో ఉంటే కేంద్ర ప్రభుత్వ పిల్లల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. పట్టణాల్లో ఆ కుటుంబం ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. పింఛనుకు వార్డు సచివాలయంలో, స్పాన్సర్‌షిప్‌కు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. అర్హత తేల్చేది వాళ్లు కాబట్టి ‘వస్తుంది’ అని నువ్వు మాటివ్వకు. ఏ కాగితాలు కావాలో కనుక్కుని ఆ తల్లికి చెప్పు.

పాతవి గుర్తొస్తాయి, రాకుండా ఉండవు. అందుకే, పక్షవాతం వచ్చిన తండ్రి ఉన్న ఇంటి పిల్లను మొదట్లోనే నీకు అప్పగించవద్దని అడుగు. ఒక్కరితో మొదలుపెట్టు. పిల్లను కలిసి వచ్చిన ప్రతిసారీ కోఆర్డినేటర్‌తో కాసేపు మాట్లాడి ఇంటికెళ్లు. శనివారం నాలుగింటికి వస్తానన్నావంటే నాలుగింటికి అక్కడ ఉండాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటల సేవ అని లెక్క ఉంటుంది. గంటలు నిండాయని చెప్పాపెట్టకుండా మానేయకు. ఆ పిల్లలకు ఆటలు, స్నేహాలు అన్నీ అలాగే ఆగిపోయాయి. పరీక్షలొచ్చి ఆపాల్సి వస్తే నెల ముందే చెప్పు.

ఇక అమ్మ. ఆవిడను కోప్పడకు. షిఫ్టుకి వెళ్తూ నీ మీద ఇల్లు వదిలేసి వెళ్లాల్సి వచ్చిన మనిషి ఆవిడ. ఆ రోజుల గురించి మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోలేదేమో అనిపిస్తోంది నాకు. పేరు ఇచ్చే ముందు ఆ మాట ఒకసారి మాట్లాడుకోండి.

ప్రశ్న: నేను గాజువాక దగ్గర హైస్కూల్లో టీచర్ని. ఇంట్లో జబ్బు మనుషుల్ని చూసుకునే పిల్లలు మా బడిలో ఉంటే గుర్తుపట్టేదెలా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఉండే ఉంటారు మాస్టారూ. ఇంగ్లండ్‌లో 2014 నాటి ఒక చట్టం వీళ్లను గుర్తించి, వాళ్ల అవసరాలేమిటో చూసే బాధ్యత స్థానిక కౌన్సిళ్ల మీద పెట్టింది. మన దగ్గర ఇది ఇంటి పని కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు. హాజరు పట్టీ తీయండి. రోజూ మొదటి పీరియడ్‌కి ఆలస్యమయ్యేవాళ్లు, ఆసుపత్రి ఓపీ ఉన్న వారాల్లోనే బడి మానేసేవాళ్లు, టూర్ అనగానే ‘నేను రాను సార్’ అనేవాళ్లు కనిపిస్తారు. క్లాసులో అడగవద్దు, విడిగా పిలిచి అడగండి. తెలిశాక ప్రేయర్‌లో నిలబెట్టి శాలువా కప్పవద్దు. చదువు ఆగిపోయే పరిస్థితి వస్తే ఓపెన్ స్కూల్లో పద్నాలుగేళ్లు నిండినవాళ్లు టెన్త్ రాయొచ్చు, కానీ అది అన్నీ ప్రయత్నించాక. ముందు ఆలస్యానికి బయట నిలబెట్టడం మాన్పించండి. ఇంటర్వెల్‌లో ఆఫీసు ఫోన్ నుంచి ఇంటికి ఒక్క కాల్ చేసుకోనివ్వండి, మిగతా పీరియడ్లు పాఠం వింటారు.