ల్యాబ్ రిపోర్టులన్నీ ఒకే యూనిట్‌లో ఎందుకు ఇవ్వరు?

మీ అమ్మగారికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఒక ల్యాబ్‌లో 1.1, నెల తిరక్కముందే ఇంకో ల్యాబ్‌లో 97 వచ్చిందని, అది చూసి గుండె ఆగినంత పనైందని రాశారు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీరు రాసిన యూనిట్లను బట్టి మొదటిది డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, రెండోది లీటరుకు మైక్రోమోల్స్‌లో ఉంది. మిల్లీగ్రాము బరువు లెక్క, మోల్ అణువుల సంఖ్య లెక్క. 1.1ని 88.4తో గుణించి చూడండి, 97 వస్తుంది. రెండూ ఒకటే.

ఇక "అందరూ ఒకే యూనిట్ వాడితే పీడా పోతుంది కదా" అన్నారు. నేను చాలా ఏళ్లుగా బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లోనే పని చేస్తున్నాను. ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ణి, ఆ పని నా మెడకు చుట్టుకునేదాకా.

మా ల్యాబ్‌ని మరో ల్యాబ్‌తో కలిపినప్పుడు పాత రిపోర్టులన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాం. మొదటి రోజే ఒక పేషెంట్ క్రియాటినిన్ గ్రాఫ్ తెరిస్తే 1.2, 1.1, 106, 1.2. ఆ 106 ఒక్కటీ తాటిచెట్టులా నిలబడి ఉంది, మిగతావన్నీ నేలకు అతుక్కుపోయాయి. చూసి అందరం నవ్వుకున్నాం, పది నిమిషాల్లో సరిచేశాం. ఇలాంటి తప్పు ప్రమాదం కాదు. 88 రెట్ల తేడా ఎవరి కంటికైనా ఆనుతుంది.

మమ్మల్ని ముంచింది విటమిన్ డి. మేం మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇచ్చేవాళ్లం, వాళ్లు లీటరుకు నానోమోల్స్‌లో ఇచ్చేవాళ్లు. తేడా రెండున్నర రెట్లే. ఫైలులో అంకెలు వచ్చాయి కానీ యూనిట్ కాలమ్ రాలేదు, సాఫ్ట్‌వేర్ అన్నింటికీ మా యూనిట్ తగిలించేసింది. వాళ్ల 50 మా లెక్కలో 20, అంటే తక్కువే. కానీ 50 నానోగ్రాములంటే భేషైన రిపోర్టు! ఎవరికి అనుమానం వస్తుంది? మూడు వారాల తర్వాత ఒక డాక్టరు ఫోన్ చేసి, "ఈవిడకి 50 ఉన్న విటమిన్ డి ఇంతలోనే 21కి ఎలా పడిందండీ?" అని అడిగితే తప్ప మాకు తెలియలేదు. ఆ రోజు రాత్రి పదకొండింటిదాకా కూర్చుని పాత ఫైళ్లు తిరగేశాం.

యూరియా సంగతీ ఇంతే. కొందరు మొత్తం యూరియా ఇస్తారు, కొందరు అందులోని నైట్రోజన్ మాత్రమే ఇస్తారు. తేడా 2.14 రెట్లు, రెండింటికీ రాసే యూనిట్ మాత్రం ఒకటే. రక్తం గడ్డకట్టిందేమో చూసే డి-డైమర్ పరీక్షలో కూడా రెండు రకాల లెక్కలున్నాయి, ఒకటి రెండోదానికి దాదాపు రెట్టింపు. నన్నడిగితే, పెద్ద తేడాల కంటే ఈ రెండు మూడు రెట్ల తేడాలకే భయపడాలి.

ఒకే యూనిట్ కోసం ప్రయత్నాలు జరగలేదని కాదు. ఎస్ఐ పద్ధతి, అంటే అంతర్జాతీయ కొలమానాల పద్ధతి, 1960లో వచ్చింది, మోల్‌ని అందులో చేర్చింది 1971లో. వైద్యంలోనూ ఇదే వాడమని 1977లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా మారాయి, అమెరికా మిల్లీగ్రాముల దగ్గరే ఉండిపోయింది. అందుకే షుగర్ ఒకచోట 126 అయితే ఇంకోచోట 7. డాక్టర్ల బుర్రలో ఏళ్ల తరబడి పాతుకుపోయిన అంకెల్ని ఒక్క సర్క్యులర్‌తో పీకలేం. బ్రిటన్‌లో హెచ్‌బీఏ1సీని (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) శాతం నుంచి కొత్త యూనిట్‌లోకి మార్చేటప్పుడు 2009 నుంచి 2011 దాకా రెండు అంకెలూ పక్కపక్కనే ఇచ్చారు, 7 శాతం పక్కన 53 అన్నట్టు. నాకు తెలిసి తెలివైన పద్ధతి అదే.

కొన్నింటిని అసలు మార్చలేం. రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే లైపోప్రోటీన్(ఎ) అణువులు మనిషి మనిషికీ వేర్వేరు సైజుల్లో ఉంటాయి, కాబట్టి మిల్లీగ్రాముల్ని నానోమోల్స్‌గా మార్చడానికి అందరికీ సరిపోయే గుణకం లేదు. ఎంజైముల్లో యూనిట్ ఒకటే అయినా పద్ధతి మారితే అంకె మారుతుంది. యూనిట్ కలిసినంత మాత్రాన రిపోర్టులు కలిసినట్టు కాదు.

మీ తమ్ముడు ల్యాబ్ సాఫ్ట్‌వేర్ రాస్తాడన్నారు కదా, అతనికి రెండు మాటలు. యూనిట్‌ని అంకెతో పాటే, యూక్యూమ్ (కంప్యూటర్ల కోసం యూనిట్లు రాసే ప్రామాణిక పద్ధతి) కోడ్‌లో దాచమనండి. మైక్రోకి రాసే మ్యూ గుర్తు కొన్ని ప్రింటర్లలో ఫాంట్ మారితే మిల్లీగా అచ్చవుతుంది, అంటే వెయ్యి రెట్లు! యూక్యూమ్‌లో ఆ బాధ లేదు, మైక్రోకి మామూలు ఇంగ్లిష్ 'యు' అక్షరమే. రెండోది, యూనిట్ మార్చినప్పుడు లోపల దాక్కున్న ఫార్ములాల్ని కూడా వెతకమనండి. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) లెక్కించే ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంలో ట్రైగ్లిజరైడ్స్‌ని మిల్లీగ్రాముల్లో అయితే 5తో, మిల్లీమోల్స్‌లో అయితే 2.2తో భాగించాలి. 5 అలాగే ఉండిపోతే ఎల్‌డీఎల్ కాస్త ఎక్కువగా, నమ్మేలాగే వస్తుంది. రిఫరెన్స్ రేంజ్, అర్జెంటుగా ఫోన్ చేయాల్సిన హద్దులు కూడా మార్చాలి. పాత రిపోర్టుల్లో ఒరిజినల్ అంకెని మాత్రం చెరిపేయొద్దు. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది అవతలి ల్యాబ్ వాళ్లు పారేయకుండా ఉంచిన పాత ప్రింట్లే.

మీకైతే, వీలైనంతవరకు అమ్మగారికి ఒకే ల్యాబ్‌లో చేయించండి. డాక్టరుగారికి వాట్సాప్‌లో "క్రియాటినిన్ 97" అని టైప్ చేసి పంపకండి, యూనిట్, రేంజ్ కనబడేలా పేజీ మొత్తం ఫొటో తీసి పంపండి.