పార్టిషన్ కానని మొండికేసిన డిస్కు గురించి

తిరుపతి, కొర్లగుంట.

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి రాయునది.

రాత్రి ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. ఫోటో స్టూడియో ఆయన తెచ్చిన 1 టీబీ డిస్కు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనబడుతుంది, పార్టిషన్ చెయ్యబోతే, అంటే భాగాలుగా విడగొట్టబోతే, చదవడం రాయడం కుదరట్లేదని ఐ/ఓ ఎర్రర్ అంటుంది, నువ్వు పదిసార్లు ప్రయత్నించావు. పదకొండోసారి వద్దు నాయనా. డిస్కు ఊరికే మొండికెయ్యదు. కారణం తెలియకుండా బలవంతం చేసే కొద్దీ లోపలున్నది దక్కే దారి మూసుకుపోతుంది. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నా.

అందులో ఏముందో ఆయన్ని అడిగావా? "ఖాళీదేలే, ఫార్మాట్ కొట్టెయ్" అన్నవాళ్లే వారం తిరక్కుండా పాప పుట్టువెంట్రుకల ఫోటోలు అందులోనే ఉన్నాయని వస్తారు. స్టూడియో డిస్కంటే ఎవరెవరి పెళ్లిళ్లో ఉంటాయి. అడుగు, బిల్లు మీద రాయించి సంతకం పెట్టించుకో.

తర్వాత డిస్కుని కాదు, కేబుల్‌ని అనుమానించు. డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ కొత్తది వేసి, మదర్‌బోర్డు మీద వేరే పోర్టుకి మార్చు. బయటి డిస్కయితే క్యాబినెట్ ముందువైపు యూఎస్‌బీలో పెట్టొద్దు, వెనకవైపు పెట్టు. యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లే. తిరగడం మొదలుపెట్టేటప్పుడు కొన్ని డిస్కులు అంతకన్నా జాస్తి లాగుతాయి. కరెంటు చాలక రాత ఆగిపోతే, మనం డిస్కు పోయిందనుకుంటాం.

అప్పటికీ మారకపోతే స్మార్ట్ రిపోర్టు తియ్యి, అది డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ చాలు. పైన "గుడ్" అని నీలం రంగులో కనబడితే నమ్మి వదిలెయ్యొద్దు, కింద నాలుగు వరుసలు చూడు. 05 అంటే చెడిపోయిన సెక్టార్ల (డిస్కులో డేటా రాసే చిన్న గళ్ల) బదులు స్పేర్ సెక్టార్లు వాడుకున్న లెక్క. సీ5 అంటే చదవడానికి రాక తేల్చకుండా పెట్టుకున్నవి. సీ6 అంటే సరిచెయ్యలేకపోయినవి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌దే. ఆ అంకెలు మామూలుగా హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో, కనబడతాయి, సెట్టింగులో డెసిమల్‌కి మార్చుకుని చదువు. లేకపోతే 10 అని ఉన్నది 16 అని నీకు తెలియదు.

నీ డిస్కులో సీ5 ఉంటుందనే నా అనుమానం. పార్టిషన్ టేబుల్, అంటే ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక, రాసేది డిస్కు మొట్టమొదటి సెక్టార్లలో. ఆ పట్టిక జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉంటే దాని నకలు చిట్టచివరి సెక్టార్లలో కూడా ఉంటుంది. మిగతా డిస్కంతా బాగున్నా ఆ కాస్త చోటు పాడైతే చాలు, పార్టిషన్ కానంటుంది. అప్పుడు ముందు కాపీ, తర్వాతే రిపేరు. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, చెడిన డిస్కు నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూతో వేరే మంచి డిస్కులోకి మొత్తం దించుకో. అది బాగున్న చోట్లన్నీ ముందు లాగేసి, చెడిన చోట్లకి తర్వాత తిరిగొస్తుంది.

టిక్ టిక్‌మని శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపెయ్. ఫ్రిజ్‌లో పెడితే లేస్తుందని ఎవరో చెప్తారు, వినొద్దు, లోపల చెమ్మ పడుతుంది. మూత విప్పొద్దు. పళ్లేనికీ హెడ్‌కీ మధ్య సందు నానోమీటర్లలో ఉంటుంది, ఒక్క ధూళి రేణువు పడినా గీసేస్తుంది. అలాంటిది డేటా రికవరీ ల్యాబుకి పోవాల్సిందే, మన బల్ల మీద అయ్యే పని కాదని ఆయనకి నిజం చెప్పు.

స్మార్ట్ శుభ్రంగా ఉంటే తప్పు డిస్కుది కాదు, దాని సెట్టింగుల్లోనో పార్టిషన్ పట్టికలోనో ఉందన్నమాట. రాయనివ్వని రీడ్ ఓన్లీ పడి ఉంటే, విండోస్ కమాండ్ డిస్క్‌పార్ట్‌లో యాట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ కొట్టు. ఎంబీఆర్‌లో (పాత పద్ధతి పట్టికలో) ప్రైమరీలు, అంటే ముఖ్య పార్టిషన్లు, నాలుగే, ఐదోది ఒప్పుకోదు. 2 టీబీ దాటిన చోటుని కూడా ఎంబీఆర్ లెక్కపెట్టలేదు, జీపీటీకి మార్చాలి.

ఇవేవీ కాకపోతే అదే కమాండ్‌లో క్లీన్, డిస్కు పార్టిషన్లని తుడిచేసేది. ఈ ఒక్క మాట దగ్గర చెయ్యి కీబోర్డు మీంచి తీసి, ఊపిరి పీల్చుకుని చూడు. పుష్కరం కిందట, మామిడి సీజన్లో, దామలచెరువు మండీ వ్యాపారి ఒకాయన లెక్కల డిస్కు తెచ్చిచ్చాడు. పక్కనే అంతే సైజు ఖాళీ డిస్కు ఇంకోటి తగిలించి ఉంది. మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్ చేశాను, డిస్కుల నంబర్లు తారుమారయ్యాయి. నేను పాత నంబరే మనసులో పెట్టుకుని సెలెక్ట్ డిస్క్ 1, క్లీన్ అని కొట్టేశాను. రైతులకి ఇవ్వాల్సిన బాకీలన్నీ అందులోనే. క్లీన్ ముఖ్యంగా పార్టిషన్ వివరాలనే తుడుస్తుంది కాబట్టి, రెండు రాత్రులు కూర్చుని, పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్‌తో తిరిగి తెచ్చుకోగలిగాను. క్లీన్ ఆల్ కొట్టి ఉంటే ఏమీ మిగిలేది కాదు. తెల్లారి ఆయన్ని కూర్చోబెట్టి నేను చేసిన తప్పు చెప్పాను. ఇప్పటికీ ఆయన ఎదురుపడితే నాకు ఆ రెండు రాత్రులే గుర్తొస్తాయి. అప్పట్నుంచి క్లీన్ చెయ్యాల్సిన డిస్కు తప్ప మిగతావన్నీ పీకేస్తా. డిస్కుల నంబర్లు చూపే లిస్ట్ డిస్క్ ప్రతిసారీ కొత్తగా కొడతా. నువ్వూ అంతే చెయ్యి.

నీ డిస్కుకి, కాపీ అయ్యాక, క్లీన్ ఆల్ పెట్టు. ప్రతి సెక్టారులో సున్నా రాస్తుంది. సాటాలో 1 టీబీకి రెండు మూడు గంటలు, యూఎస్‌బీ 2లో అయితే రాత్రంతా. అలా రాసేటప్పుడే సీ5లో తేలకుండా ఉన్న సెక్టార్లు తేలతాయి. రాత పడితే మామూలైపోతాయి, పడకపోతే 05లోకి పోతాయి. అయ్యాక మళ్లీ రిపోర్టు చూడు. సీ5 సున్నా అయి, వారం వాడినా 05 పెరగకపోతే సినిమాలు, పాటలు పెట్టుకోవడానికి పనికొస్తుంది. పెరిగితే ఆ డిస్కు ఇక వద్దు. చెడిన భాగం వదిలేసి మిగతాదానికి పార్టిషన్ చేసి ఇచ్చేవాళ్లున్నారు. చెడింది పాకుతూనే ఉంటుంది, అలాంటిది కస్టమర్ చేతిలో పెట్టొద్దు.

ఆదివారం పొద్దున బస్సుకి చిత్తూరు వస్తున్నా, మంచి 2 టీబీ డిస్కొకటి తెస్తా. అందాకా ఆ డిస్కు ఆన్ చెయ్యకు. స్టూడియో ఆయనకి ఇప్పుడే ఫోన్ చేసి రెండు రోజులు గడువడుగు. అక్కని అడిగినట్టు చెప్పు, రాత్రిళ్లు షాపులో మరీ పొద్దుపోయేదాకా కూర్చోకు.

ఇట్లు,
మామ